గాలి మావయ్య మీద నా దర్యాప్తు

ఆ రోజుల్లో (మరీ రాజుల కాలం కాదు, చేతిలో ఫోనూ, ఫోనులో పదిరకాల సైకిల్ టైర్ల బొమ్మలూ ఉన్న రోజులే) నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ పొరపాటు జరిగినా దాని వెనక ఒక కారణం ఉంటుంది, ఆ కారణం వెనక ఒక మనిషి ఉంటాడు, ఆ మనిషిని పట్టుకుంటే పని అయిపోతుంది అని. ఇరవై రెండేళ్ళ వయసులో కెమిస్ట్రీ డిగ్రీతో మొదటి ఉద్యోగంలో చేరినవాళ్ళకి ఇలాంటి నమ్మకాలు ఊరికే వస్తాయి. వదిలించుకోవడానికే ఖర్చవుతుంది. నాకు ఒక చలికాలం, రెండు టైర్లు, ఒక పెద్దాయన మనసు ఖర్చయ్యాయి. మొదటి రెండింటి గురించి నవ్వుతూ చెప్పగలను. మూడోదాని గురించి కూడా నవ్వుతూనే మొదలుపెడతాను, ఎంతదూరం వెళ్తానో చూద్దాం.

పరవాడ వైపున్న మందుల కంపెనీల్లో ఒకదాంట్లో, క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో ట్రైనీగా చేరాను. మా ఇల్లు పోర్టు దగ్గర, పాత ఊర్లో. అక్కణ్ణించి రోజూ రావడం కుదరదని లంకెలపాలెంలో ఉన్న అక్కా బావల ఇంట్లో దిగాను. అక్కణ్ణించి ల్యాబుకి ఆరు కిలోమీటర్లు. కంపెనీ బస్సు ఉంది కానీ ట్రైనీలకి పాసు ఉండదు. షేరు ఆటోలు జనం నిండేదాకా కదలవు. ఉదయం ఏడింటికి షిఫ్టు. నెలలో మూడుసార్లు ఆలస్యమైతే మెమో, ఆరు నెలల్లో రెండు మెమోలు పడితే ఉద్యోగం ఖాయం చేయరు. అప్పటికే మా నాన్న నా ఉద్యోగానికని చర్చిలో కృతజ్ఞతార్పణ కూడా ఇచ్చేశాడు. సంఘమంతా చప్పట్లు కొట్టారు. ఇక ఆ ఉద్యోగం పోతే నాకు ఒక్కదానికే పోదు, సంఘం మొత్తానికీ పోతుంది.

అందుకని బావ తన పాత గేరు సైకిలు నాకిచ్చాడు. బావ స్టీలు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. సెలవు దొరికితే నలుగురు స్నేహితులతో కలిసి భీమిలి దాకా సైకిలు తొక్కి, అక్కడ ఇడ్లీ తిని, మళ్ళీ తొక్కుకుంటూ వస్తాడు. (ఇడ్లీ లంకెలపాలెంలో కూడా దొరుకుతుందని అక్క పెళ్ళయినప్పటినుంచీ చెబుతూనే ఉంది.) నవంబరు మధ్యలో, ఆయన స్వెట్టరూ అక్క మంకీ క్యాపూ వేసుకుని, మూతికి స్కార్ఫు చుట్టుకుని, కళ్ళు మాత్రం బయటపెట్టుకుని బయలుదేరేదాన్ని. మొదటి పదిహేను రోజుల్లో రెండు పంక్చర్లు అయ్యాయి. రెండూ ముళ్ళే. చలికాలంలో ఆ రోడ్డు అలాంటిది. కోతలయ్యాక పొలాల చుట్టూ కంచె కట్టడానికి తుమ్మకంప బళ్ళమీద లాక్కెళ్తారు, సగం ముళ్ళు దారిలోనే రాలతాయి. లారీ టైర్లు పేలినచోట సన్నటి ఇనుప తీగలు పడి ఉంటాయి. పైన మంచు, కింద కరెంటు ప్లాంటు లారీల్లోంచి రాలి తడిసిన బూడిద. తడి టైరులోకి ముల్లు ఇంకా సులువుగా దిగుతుందని బావ చెప్పాడు. అది నిజమేనని రెండుసార్లు రుజువు చేశాను.

ఆ రెండూ బాగుచేసింది గాలి మావయ్య. దారిలో ఒక కల్వర్టు ఉంది. దానికి ఇవతల రెండు వెదురు కర్రలకి నీలం పట్టా కట్టి, పాత లారీ టైరు మీద సున్నంతో "గాలి" అని రాసి నిలబెట్టాడు. అందుకని ఆ దారిన పోయేవాళ్ళందరికీ ఆయన గాలి మావయ్య. విజయనగరం అవతల ఏదో పల్లెలో వ్యవసాయం చేసి, అది కలిసిరాక ఇటు వచ్చాడట. ఉదయం ఆరింటికే తలమీద దుప్పటి కప్పుకుని, కొబ్బరి చిప్పలు రాజేసి చేతులు కాచుకుంటూ కూర్చునేవాడు. మాట చాలా తక్కువ. ట్యూబుని నీళ్ళ బేసిన్‌లో ముంచి బుడగలు వచ్చేచోట వేలు పెట్టి, "ఇదిగో" అనేవాడు. అంతే.

రెండో ఆలస్యం రోజున మా ల్యాబు ఇన్‌చార్జి మేడం పిలిచింది. ఆవిణ్ణి మేమందరం చాటుగా డీవియేషన్ మేడం అనేవాళ్ళం. మందుల కంపెనీలో ఏది అనుకున్నట్టు జరగకపోయినా దాన్ని డీవియేషన్ అంటారు, దానికొక కాగితం రాయాలి, ఆ కాగితంలో రూట్ కాజ్, అంటే అసలు కారణం, అని ఒక గడి ఉంటుంది. "అనుకోకుండా జరిగింది" అని ఆ గడిలో రాసేవాళ్ళంటే ఆవిడకి పడదు. సైకిలు పంక్చరైందని చెప్తే, సరే, దాని రూట్ కాజ్ ఏమిటో కనుక్కుని, మళ్ళీ జరక్కుండా ఏం చేస్తావో చెప్పమంది. నాకు చాలా నచ్చింది. ఇంటికెళ్ళగానే తెల్లకాగితం తీసి గళ్ళు గీశాను.

డిసెంబరు నెలంతా టైర్ల ఎంపికే. వీధంతా క్రిస్మస్ నక్షత్రాలు కట్టుకుంటుంటే నేను అరుగుమీద టైరు ముక్కలు పరుచుకుని కూర్చున్నాను. బావ ముళ్ళు దిగని మార్గాలు నాలుగున్నాయని మొదలుపెట్టాడు. ఒకటి, గాలే లేని గట్టి రబ్బరు టైరు. దానికి మేకు దిగినా ఏమీ కాదు, కానీ గుంట వచ్చినప్పుడల్లా నడుముకి తెలుస్తుంది, తడి రోడ్డు మీద జారుతుంది. రెండోది, ట్యూబులో పోసే ఒక రకం జిగురు. చిన్న చిల్లి పడితే తనే పూడ్చుకుంటుంది, పెద్దదైతే బట్టలన్నీ జిగురు చేస్తుంది. మూడోది, లోపల గట్టి పట్టీ పెట్టే తయారుచేసిన టైరు, పైన గీతలు లోతుగా ఉండి తడిలో కూడా పట్టు ఉంటుంది. నాలుగోది, మామూలు టైరే ఉంచుకుని దానికీ ట్యూబుకీ మధ్య విడిగా పరిచే ప్లాస్టిక్ పట్టీ. మూడోదే తీసుకోమని బావ పోరాడు. అది ఖరీదు, పైగా ఆయన చెప్పాడని తీసుకుంటే నా డిగ్రీ ఎందుకు? నేను పరీక్షలు పెట్టాను. ఒక్కో ముక్కలో తుమ్మముల్లు గుచ్చి ఎంతలోతు దిగిందో స్కేలుతో కొలిచాను. అక్క కేకులకి వాడే త్రాసు మీద తూకం వేశాను. (ఆ ఏడు క్రిస్మస్ కేకులో రబ్బరు వాసన వస్తోందని బావ అన్నాడు. ఎవరూ ఒప్పుకోలేదు.) నా పరీక్షల్లో నాలుగో రకం పట్టీ వందకి వంద మార్కులు తెచ్చుకుంది. ఒక్క ముల్లూ దిగలేదు. పట్టీ తెప్పించి, కాస్త పొడుగెక్కువైతే అక్క వంటింటి కత్తెరతో కత్తిరించి, బావ డ్యూటీలో ఉండగా నా చేతులతో నేనే టైర్లలో పరిచేశాను. రూట్ కాజ్ తొలగించానన్న తృప్తితో ఆ రాత్రి ప్రార్థన కూడా చిన్నదే చేసుకున్నాను.

జనవరి మొదటివారంలోనే వెనక టైరు దిగిపోయింది. కల్వర్టు దగ్గరే. గాలి మావయ్య ఒకవైపు టైరు ఊడదీసి, పట్టీని వేలితో ఎత్తి చూశాడు. ఇదేమిటని అడిగాడు. ముళ్ళు దిగకుండా కాపాడుతుందని, ఎన్ని పరీక్షలు పెట్టానో కూడా కలిపి, గర్వంగా చెప్పాను.

"తీసీమంటారా?" అన్నాడు.

వద్దన్నాను. అది తీసేస్తే ముళ్ళు దిగుతాయి, ముళ్ళు దిగితే ఆయనకి పని దొరుకుతుంది. ఎందుకు తీసేస్తానంటున్నాడో నాకు తెలియదా అనుకున్నాను. ఆయన నా కళ్ళలోకి ఒకసారి చూసి, "మీ ఇట్టం" అని అతుకు వేసి పంపించాడు. వారం తిరక్కుండా మళ్ళీ దిగిపోయింది. ఈసారి మేకూ లేదు, ముల్లూ లేదు, లోపలే ఏదో కొరుకుతోంది, సాయంత్రం బండి ఒదిలి వెళ్తే టైరు మొత్తం విప్పి చూస్తానన్నాడు. బండి ఒదిలితే మర్నాడు డ్యూటీకి ఎలా వెళ్ళాలి? కుదరదన్నాను. "మీ ఇట్టం" అన్నాడు మళ్ళీ.

ఆ సాయంత్రం నేను ఇంటి దగ్గర్నుంచి ల్యాబుదాకా రోడ్డుకి ఒక పటం గీశాను. పంక్చరైన చోటల్లా ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టాను. చలికాలం మొదలైనప్పటినుంచీ అయిన నాలుగూ కల్వర్టుకి ఇవతల, రెండు వందల గజాల్లోపలే. అంటే గాలి మావయ్య కొట్టు ముందే. బావకి చూపించాను. ఆయన అన్నం తింటూ, "ఇంకేటి మరదలా, ఆడే ఏసుంతాడు మేకులు" అన్నాడు. బావ నవ్వుతూ అన్నాడు. నేను నోట్సులో రాసుకున్నాను.

ఆ నెల మూడో పంక్చరు రోజు బాగా మంచుగా ఉంది. ఎదురుగా వచ్చే లారీ దీపాలు కూడా దగ్గరకొచ్చేదాకా కనిపించడం లేదు. గాలి మావయ్య అతుకు కోసం సామాను వెతుకుతూ పక్కనున్న పాలపొడి డబ్బా ఒకటి జరిపాడు. అది ఒరిగింది. అందులోంచి మేకులు, తీగముక్కలు, ఎండిన ముళ్ళు, ఒక విరిగిన బ్లేడు బయటకొచ్చాయి. నేను ముందు ఫోటో తీశాను (ఎవిడెన్స్ కదా). ఆ తర్వాత నోరు విప్పాను. ఏమన్నానో మొత్తం రాయను, రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు. మొన్నటిదాకా మావయ్యా అని పిలిచిన మనిషిని నువ్వు అన్నాను, దొంగవి అన్నాను. పేదవాళ్ళ ఉద్యోగాలతో వ్యాపారం చేస్తున్నావన్నాను. నా ఉద్యోగం పోతే నువ్విస్తావా అని అడుగుతూ ఏడ్చేశాను కూడా. ఆడపిల్ల రోడ్డుమీద నిలబడి ఏడుస్తుంటే ఎవరు ఊరుకుంటారు? డ్యూటీకి వెళ్తున్న బళ్ళు రెండు ఆగాయి, తర్వాత పది ఆగాయి. తనకి కూడా పోయిన వారం ఇక్కడే పంక్చరైందని ఒకాయన అన్నాడు. ఇంకొకాయన నీళ్ళ బేసిన్‌ని కాలితో తన్నాడు. ఎవరో పట్టా తాడు తెంపారు. అది ఒకవైపు కిందకి వాలిపోయింది.

ఆ గలాటాలో కూడా గాలి మావయ్య నా టైరు వదల్లేదు. వాలిన పట్టా కిందే ఒంగుని కూర్చుని, ట్యూబు లోపలికి నెట్టి, టైరు ఎక్కించి, గాలి కొట్టి, బొటనవేలితో నొక్కి చూసి, సైకిలు నిలబెట్టి హ్యాండిలు నా చేతికిచ్చాడు. అప్పుడు ఒక్కమాట అన్నాడు.

"ఇయి టైర్లలోంచి తీసినయమ్మా. పారేత్తే మల్లీ ఎవుల కాల్లోనో దిగుతాయని దాసినాను."

అది విన్నది నేనొక్కదాన్నే అనుకుంటాను. మిగతావాళ్ళందరూ మాట్లాడుతున్నారు. విని కూడా, అబద్ధాలు ఎంత నమ్మకంగా చెప్తారో అనుకున్నాను.

మూడో ఆలస్యం కాబట్టి ఆ రోజు మెమో రావాలి. నేను నా పటం, ఫోటో, ఒకటిన్నర పేజీ నివేదిక మేడం ముందు పెట్టాను. రూట్ కాజ్ గడిలో "రోడ్డు పక్క వ్యక్తి ఉద్దేశపూర్వక చర్య" అనీ, తర్వాతి గడిలో "సదరు వ్యక్తిని హెచ్చరించడమైనది, పునరావృతం కాదు" అనీ రాశాను. మేడం రెండుసార్లు చదివింది. ట్రైనీల్లో ఇంత శ్రద్ధగా రాసినవాళ్ళని చూడలేదని, మెమో ఆపి నోటిమాటగా హెచ్చరించి పంపించింది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో నేనే హీరోయిన్ని. ఇంటికొచ్చేటప్పుడు చూస్తే పట్టా కిందే పడి ఉంది. రెండురోజుల తర్వాత అదీ లేదు, లారీ టైరూ లేదు. తడి బూడిదలో కొబ్బరి చిప్పలు కాల్చిన నల్లటి మచ్చ మాత్రం ఉంది.

ఫిబ్రవరి మొదటివారంలో, అదే కల్వర్టు దగ్గర, వెనక టైరు దిగిపోయింది.

బాగుచేసే మనిషి లేడు. నాలుగు కిలోమీటర్లు సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాను. గంట ఆలస్యం. డీవియేషన్ మేడం కోప్పడలేదు. నా పాత నివేదిక ఫైల్లోంచి తీసి ముందు పెట్టి, మామూలు గొంతుతోనే అడిగింది: "రూట్ కాజ్‌ని తీసేశానని రాశావు కదా, మరి మళ్ళీ ఎలా జరిగింది?" ఆ ప్రశ్న నాకు నేను వేసుకోవాల్సింది. ఆవిడ వేసేదాకా తట్టలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక బావ సైకిలు తలకిందులుగా పెట్టి, టైరు మొత్తం ఊడదీసి, ట్యూబు నా చేతికిచ్చాడు. నవంబరులో వేసిన పాత అతుకులు రెండూ ఎక్కడెక్కడో ఉన్నాయి. జనవరిలో వేసినవి మూడు మాత్రం నాలుగు వేళ్ళ వెడల్పులో పక్కపక్కనే ఉన్నాయి. కొత్త చిల్లి వాటి మధ్యలోనే ఉంది. బావ పట్టీ బయటకి లాగి, నేను కత్తెరతో కోసిన కొన మీద వేలు పెట్టి చూసి, ఆ వేలు నాకు చూపించాడు. గీరుకుని ఎర్రబడింది. సైకిలు తొక్కినప్పుడల్లా ఆ అంచు ట్యూబుని కొద్దికొద్దిగా కోస్తూ వచ్చింది.

"రోడ్డు మీద మేకు ట్యూబుకి ఒక్కసోటే నాలుగుసార్లు దిగదు కదా," అన్నాడు బావ నెమ్మదిగా. ఈసారి నవ్వలేదు.

మరి కల్వర్టు దగ్గరే ఎందుకు అవుతోందని అడిగాను, ఇంకా ఎక్కడో చిన్న ఆశ ఉండి. సాయంత్రం బావ నన్ను అక్కడికే తీసుకెళ్ళి చూపించాడు. అక్కడిదాకా రోడ్డు సమానంగా ఉంటుంది, అక్కణ్ణించి కల్వర్టు మీదకి ఎత్తు మొదలవుతుంది. గాలి సగం పోయినా సమంగా ఉన్న రోడ్డుమీద తెలియదు, ఎత్తు ఎక్కేటప్పుడు సైకిలు బరువెక్కి అప్పుడు తెలుస్తుంది. పంక్చరైన బళ్ళన్నీ అక్కడే ఆగుతాయి. బళ్ళు ఆగే చోట ఆ పెద్దాయన కొట్టు పెట్టుకున్నాడు. అంతే. కల్వర్టు అవతల టీకొట్టావిడని అడిగితే, తగరపువలస దగ్గర కూతురి ఊరికి వెళ్ళిపోయాడని చెప్పింది. "దొంగని సేసినాక ఈడేటి ఉంతాడమ్మా" అంది, ఆ చేసింది నేనేనని తెలియక. స్కార్ఫు ఎంత మంచి వస్తువో ఆ రోజు తెలిసింది.

వచ్చే ఆదివారమే తగరపువలస వెళ్ళి క్షమాపణ అడగాలనుకున్నాను. ఆ ఆదివారం సంఘంలో ఏదో కార్యక్రమం వచ్చింది. తర్వాత ఈస్టరు ముందు శ్రమదినాలు, తర్వాత ఎండలు. మే నెలలో ఉద్యోగం ఖాయమైంది, నాన్న రెండోసారి కృతజ్ఞతార్పణ ఇచ్చాడు. బావ చెప్పిన మూడోరకం టైర్లే వేయించుకున్నాను, తర్వాతి చలికాలం ఒక్క పంక్చరూ కాలేదు. ప్రార్థనలో మాత్రం గాలి మావయ్య సంగతి దేవుడితో చాలాసార్లు చెప్పుకున్నాను. (దేవుడితో చెప్పుకోవడం సులువు. ఆయన దగ్గరికి రెండు బస్సులు మారి వెళ్ళక్కర్లేదు.)

ఏణ్ణర్ధం తర్వాత, ల్యాబులో నాతో పనిచేసే అమ్మాయి పెళ్ళికి తగరపువలస వెళ్ళాల్సి వచ్చింది. పట్టుచీర కట్టుకుని, చేతిలో బహుమతి పెట్టె పట్టుకుని బస్సు దిగి నడుస్తుంటే, సంతకి పోయే దారిలో రేకుల నీడ కింద ఆయనే. ట్యూబు నీళ్ళలో ముంచి చూస్తున్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఆయన తలెత్తి, ఏం కావాలన్నట్టు చూశాడు. ఆయన నా మొహం ఎప్పుడూ చూడలేదు కదా, కళ్ళు తప్ప.

మీరు పరవాడ వైపు ఉండేవారు కదండీ అని అడిగాను. ఈసారి మీరు అనడం మర్చిపోలేదు. ఔనన్నాడు. నేను అటువైపే పనిచేస్తానని చెప్పాను. టీకొట్టావిడ బాగుందా అని అడిగాడు, కల్వర్టు వెడల్పు చేశారా అని అడిగాడు. నేను అన్నిటికీ జవాబులు చెబుతూ, ఇప్పుడు చెప్పేస్తాను, ఇప్పుడు చెప్పేస్తాను అనుకుంటున్నాను. ఆయన ట్యూబు తుడుచుకుంటూ తనే అన్నాడు.

"ఆడ ఓ పాప సైకిలు మీద డూటీకెల్లీది. ఉద్దోగం పోతాదని ఓ రోజు శానా ఏడిసింది. పోనాదో, ఉన్నాదో."

"ఉందండి. పర్మనెంట్ అయింది."

"మంచిదే." ట్యూబు పక్కన పెట్టి, "మరా పట్టీ తీసీసిందేటి?" అన్నాడు.

"తీసేసింది."

"నాను గట్టిగా సెప్పుండాల. మీ ఇట్టం అని ఊరుకున్నాను. అది నా తప్పే."

తప్పు నాదండీ అనడానికి రెండు మాటలు చాలు. ఒకటిన్నర పేజీ నివేదిక రాయగలిగినదాన్ని ఆ రెండు మాటలు కూర్చలేకపోయాను. ఇంతలో ఒకాయన గాలి తగ్గిన బండి తోసుకుంటూ వచ్చాడు. మావయ్య అటు తిరిగాడు. పెళ్ళికి వేళైపోతోందని చెప్పి వచ్చేశాను. ఎవరి పెళ్ళి అని కూడా ఆయన అడగలేదు.

భోజనాలయ్యి, తిరుగు బస్సెక్కి, మధురవాడ దాటాక నాకు తట్టింది. ఆ పట్టీ సంగతి ఆ కల్వర్టు దగ్గర ఆయనకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. దారిన పోయే ఎవరో పట్టుచీర మనిషిని పట్టుకుని, ఆ పట్టీ తీసేసిందా అని ఆయన ఎందుకు అడుగుతాడు? తీసేసిందని నాకు ఎలా తెలిసిందో ఎందుకు అడగడు? ఆయన నన్ను గుర్తుపట్టాడని ఇంత దర్యాప్తు చేసే నాకు మూడు గంటల తర్వాత గానీ అర్థం కాలేదు. బస్సు దిగిపోదామని లేచి నిలబడ్డాను కూడా. కండక్టరు ఎక్కడ దిగుతావమ్మా అంటే మళ్ళీ కూర్చున్నాను.

అది జరిగి కొన్నేళ్ళయింది. మళ్ళీ వెళ్ళలేదు. వెళ్తే ఆయన నాతో ఏమంటాడో నాకు తెలుసు, ఏమీ అనడు, అందుకే వెళ్ళలేకపోతున్నాను. ఇప్పుడు నా కింద నలుగురు ట్రైనీలున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి మొన్న ఏదో తప్పుకి కారణం నేనే కనిపెట్టానంటూ వేలు ఊపుతూ వచ్చింది, మొహం వెలిగిపోతోంది. కూర్చోమని మంచినీళ్ళిచ్చాను. ఆ పిల్లని చూస్తుంటే ఆ మంచులో సైకిలు తొక్కిన ఇరవై రెండేళ్ళ మనిషి గుర్తొచ్చింది. ఏమీ తెలియదు, అన్నీ తెలుసనుకుంటుంది, కళ్ళు తప్ప ఏమీ కనపడనివ్వదు. కోప్పడదామనుకున్నాను, నవ్వొచ్చింది. ఆ సైకిలు మనిషిని కూడా అప్పుడు ఎవరో ఒకరు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి ఉంటే బాగుండేది.